ఒకే పేరుగల యిద్దఱు అభ్యర్థులు

ఎన్నికలలో ఒకే పేరుగల మఱియొకనిని నిలువబెట్టి ఓటర్లను తికమక పెట్టు తంత్రము మన దేశముననే పుట్టినదని సభ్యులు కొందఱు తలంచుచున్నారు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున 1930 లోనే యది నడచినది.

నెబ్రాస్కా మొక్కజొన్న, గోధుమ, పశువులు గల సేద్యపు సీమ. అచ్చటి మెకుక్ పట్టణపు జార్జి నారిస్ 1913 మొదలు సెనేటు సభ్యుడు. రిపబ్లికను పక్షమువాడయ్యు పక్షపు పెద్దలకు తలయొగ్గెడివాడు కాడు. ఆలబామాలోని మసిల్ షోల్సు వద్ద ప్రభుత్వము కట్టించిన ఆనకట్టను, దాని విద్యుచ్ఛక్తిని, ప్రైవేటువారి పరము కానీయక యేండ్ల తరబడి అడ్డుపడెను. 1930 లో ఆయన మరల నిలువగా, బ్రోకెన్ బో అను ఊరి పచారీ వర్తకుడొకడు, సరిగా ఆ పేరుగలవాడే, ఆ పక్షపు తొలి యెన్నికకే దరఖాస్తు పంపెను. చీటీపై రెండు పేర్లును ఒక్కటే యైనచో ఓటరు తన గుర్తు నెవరికి వేసినట్లు? దైవవశమున దరఖాస్తు గడువు దాటి చేరినందున రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము దానిని త్రోసివేసెను. (మన సంఘపు ఎన్నికలకు నామినేషను పత్రములను మఱునాడు తెచ్చి గుమాస్తాతో వాదించు సభ్యులు దీనిని చిత్తగింతురు గాక.) నారిస్ ఆ యేట గెలిచెను. ఆ కుట్ర వెనుక నెవరున్నారో సెనేటు సంఘము విచారణ జరిపినది.

1936 నాటికి ఆయనకు 75 ఏండ్లు. పక్షమును విడిచి స్వతంత్రుడుగా నిలిచెను. డెమొక్రాటు పక్షపు అధ్యక్షుడు రూజ్‌వెల్టు స్వయముగా ఓమహాకు వచ్చి, తన పక్షమువాడు పోటీలో నుండగనే, నారిస్‌కు ఓటు వేయుడని కోరెను. ఓట్లు మూడు పాళ్లయి, సగమునకు తక్కువ ఓట్లతోనే ఆయన నెగ్గెను.

ఆ యేటి మే నెలలోనే నారిస్, టెక్సాసు ప్రతినిధి రేబర్న్ గార్ల గ్రామ విద్యుదీకరణ శాసనము వెలువడినది. అప్పటికి ఆ దేశపు సేద్యగృహములలో పదింట నించుమించు ఒకదానికే దీపముండెను. మైలుకు రెండు మూడు ఇండ్లున్నచోట స్తంభములు పాతిన గిట్టదని కంపెనీలు రాకుండెను. శాసనము ప్రకారము రైతులు సహకార సంఘముగా చేరి, ప్రభుత్వమునుండి తక్కువ వడ్డీకి దీర్ఘకాలపు అప్పు తెచ్చి, తీగలను తామే వేయించుకొనవచ్చును. 1950 దశకపు నడిమికి పదింట తొమ్మిదిండ్లకు వెలుగు చేరినది. మన సిరిసిల్లలో 1970 న వెలసిన సహకార విద్యుత్ సంఘము ఈ జాతిదే.

1942 లో నారిస్ మరల స్వతంత్రుడుగనే నిలిచెను. ఈ మాఱును పోటీ మువ్వురి నడుమనే, కాని గెలుపు రిపబ్లికను అభ్యర్థి వెర్రీదయ్యెను. నారిస్ మెకుక్‌లోని తన యింటికి మరలి, 1944 లో అచ్చటనే కాలధర్మము నొందెను.