నీడగల దొడ్లకు పరిమళపు పూలపొదలు

గుంటూరు, ప్రకాశము జిల్లాల రేగడి గ్రామములలో ఇంటిదొడ్డి యనగా సామాన్యముగా ఒక వేపయో చింతయో, దాని చెంత పశువుల పాకయు నుండును. ఆ నీడలో పూలమొక్క వేయవలెనని ఇల్లాండ్రు కోరుదురు. నర్సరీవారి బండి వచ్చినప్పుడు పూచియున్న మల్లెమొక్కను కొని చెట్టుక్రింద నాటుదురు. రెండేండ్లు గడచినను ఆకులే గాని మొగ్గ కానరాదు. మొక్క మంచిదే, చోటు తగినది కాదు. మల్లెకు నిండు ఎండ కావలెను. దానిని బావిగట్టునకు మార్చి, నీడలో నీడకు తగిన పొదలనే వేయవలెను.

ముందుగా నీడ యెట్టిదో చూడుడు. ఉదయమున మూడు నాలుగు గంటలైనను ఎండ తగులు తూర్పువైపు నీడ వేఱు; గుబురు చింతక్రింద దినమెల్ల నుండు నీడ వేఱు. ఈ రెండవదానియందు సువాసన పూల నాశింపరాదు. కనకాంబరము అచ్చట కొంత పూయును గాని దానికి వాసన లేదు.

పలుచని నీడకు మేము మొదట చెప్పునది నాగగొలుగు. నర్సరీవారు దీనిని మధుకామిని యందురు. ఇది కరివేపకు దగ్గఱి చుట్టము. అడవులలో పెద్దచెట్ల క్రింద పెరుగునది. తెల్లని గుత్తులుగా పూచి నారింజపూవువంటి వాసన నిచ్చును. అయితే నిమ్మ, బత్తాయి చెట్లకు గ్రీనింగు తెగులును మోసికొనివచ్చు సిల్లా పురుగు దీని లేతచిగుళ్లయందును పెరుగును. కావున ఆ తోటలుగలవారు దీనిని దరిచేర్పరాదు.

తూర్పు నీడకు పారిజాతము తగును. సాయంకాలము విచ్చి తెల్లవారుసరికి రాలును గనుక జడకు పనికిరాదు. పూజకై నేలమీదినుండి యేరుకొందురు. గోడగాని పందిరిగాని యున్నచో మనోరంజితము వేయుడు. కొందఱు దీనిని ఆకుసంపెంగ యందురు. పూవు ఆకుపచ్చగా నున్నంతకాలము ఆకులలో కానరాదు. పసుపుబాఱిన పిదప మగ్గినపండు వాసనతో తానే జాడ చెప్పును. ముద్దనందివర్ధనమునకు రాత్రివేళ కొలది పరిమళము గలదు, పెంచుట సులభము.

గార్డినియాను మాత్రము కొనవలదని గట్టిగా చెప్పుచున్నాము. దానికి పులుపు గుణముగల నేల కావలెను. మన రేగడిలో సున్నము హెచ్చు. ఇనుము నేలలో నున్నను వేళ్లకందదు. అందుచే ఈనెలు పచ్చగా నుండగనే లేతాకులు పాలిపోవును. మఱియు 2021లో మన మిరపపూతను పాడుచేసిన నల్ల తామరపురుగునకు గార్డినియా ఇష్టమైన నెలవు. గ్రీసు దేశమున ఆ పురుగును కనుగొన్నది గార్డినియా మీదనే. మిరప నారుమడి ప్రక్కన ఇట్టి మొక్కను పెంచుట యేల?

ఇతర పొదలయందును ఆకులు పాలిపోయినచో లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదియు, 1 గ్రాము నిమ్మ ఉప్పును కలిపి, వారము పది దినముల యెడముతో రెండుమూడు మాఱులు చల్లవలెను.

నాటుటలో తఱచుగా జరుగు పొరపాటొకటి గలదు. రేగడిలో లోతైన గొయ్యి త్రవ్వి ఎఱ్ఱమట్టితో నింపుదురు. వాన కురియగా చుట్టునున్న బంకమన్ను నీటిని పోనీయదు. గొయ్యి కుండవలె నిండి వేళ్లు కుళ్లును. గొయ్యికి బదులు అడుగెత్తు దిబ్బ కట్టుడు. దొడ్డి మట్టిలోనే బాగుగా చివికిన పెంటయెరువు కలిపి, దిబ్బమీద నాటుడు. తొలకరి వానలు కుదిరిన పిదప నాటినచో తుపానుల నాటికి మొక్క నిలద్రొక్కుకొనును. వేసవిలో నేల బీటలు వాఱి వేళ్లు తెగకుండ ఎండాకులు మందముగా పఱువవలెను. రాలిన వేపాకును తగులబెట్టుటకంటె ఇది మేలు.

మిరపచేనికి కొట్టగా మిగిలిన మందును దొడ్డిలోని పూలపొదలపై చల్లు నలవాటు కొన్ని యిండ్లలో గలదు. ఆ పూలే జడలోనికిని పిల్లల చేతులకును పోవునుగదా. పురుగు కనబడినచో ఆ కొమ్మను కత్తిరించి కాల్చివేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బునీటితో కలిపి సాయంకాలము చల్లుడు.