ఫ్రాంక్లిను దొర – ఆయన యిల్లాలు

నలుని జాడ తెలియక దమయంతి వనమునఁ జెట్టుచెట్టును అడిగిన కథ మనమెల్లర మెఱుఁగుదుము. పందొమ్మిదవ శతాబ్దమున నింగ్లండులో నొక యిల్లాలు అట్లే రాజ్యములను అడిగినది. ఆమె పేరు జేన్ ఫ్రాంక్లిను.

ఆమె భర్త సర్ జాన్ ఫ్రాంక్లిను 1786లో లింకనుషైరున జన్మించెను. బాల్యముననే నావికాదళమునఁ జేరి 1805లో ట్రఫాల్గరు యుద్ధమునఁ బాల్గొనెను. 1819లో ఉత్తర కెనడా తీరమును బరిశీలింప నేలదారిని వెళ్లెను. ఆ యాత్రలో తిండి కఱవై, రాళ్లపైఁ బెరుఁగు నాచును, తుదకుఁ గాలిజోళ్ల తోలును దిని ప్రాణములు నిలుపుకొనిరి. పదునొకండుగురు నిలుపుకొనలేకపోయిరి. అదిమొదలు ఆయనను జోళ్లు తిన్న మనుష్యుఁ డనిరి.

ఆయన మొదటిభార్య ఎలియనారు కవయిత్రి. 1825లో రెండవయాత్రకు బయలుదేరునప్పుడు ఆమె క్షయతో మంచము పట్టియుండెను. ఐనను, తాను గుట్టిన పట్టుజెండాను ఆయనచేతి కిచ్చి పంపెను. వారము తిరుగకముందే కన్నుమూసెను. ఉత్తరసముద్రతీరమున నాయన ఆ జెండా నెత్తినప్పుడు ఆయన మనసెట్లుండెనో మనమే యూహించుకొనవలెను.

జేనును 1828లో వివాహమాడెను. 1845 మే నెలలో, ఏఁబదితొమ్మిదేండ్ల వయసున, అట్లాంటికునుండి పసిఫికునకు మంచుదీవులనడుమ దారి వెదకుటకై ఎరిబస్, టెర్రర్ అను రెండు నౌకలతో వెడలెను. జులైలోఁ దిమింగిలముల వేఁటకాండ్రు వానిని జూచిరి. పిదప నే యూరపువాఁడును జూడలేదు. నౌకలలో నుండినవారు 129 మంది.

మూఁడేండ్లు గడచినను జాబు లేదు. దొరతనమువారు వెదకింపఁబూని, 20,000 పౌనుల బహుమానము చాటిరి. జేను అమెరికా అధ్యక్షునకు, రష్యా చక్రవర్తికి జాబులు వ్రాసెను. తన ధనముతో నౌకలను బంపెను. 1854లో దొరతనమువారు అందఱు మరణించినట్లే నిర్ణయించి వితంతుభరణ మియ్యఁబోఁగా నామె తిరస్కరించెను.

ఆ యేడే డాక్టరు జాన్ రే యను యాత్రికుఁడు ఎస్కిమోలని మనము వినుచుండు ఇన్యూట్ జనులనుండి ఫ్రాంక్లిను వెండిపళ్లెమును, వార్తను దెచ్చెను. తెల్లవారు పడవ నీడ్చుకొనుచు దక్షిణముగా నడచిరనియు, ఆఁకలిచేఁ బడి చచ్చిరనియు, తుదకుఁ జచ్చినవారి మాంసమును దినిరనియు వారు చెప్పిరి. జేను మండిపడెను. చార్లెస్ డికెన్సు నేరమంతయు నా జనులపైఁ బెట్టి వ్రాసెను. ఆమె పట్టుదలకుఁ జేతులు జోడింతును గాని, యిచ్చట నామె పక్షము వహింపఁజాలను. చూచినది చెప్పినవారిని అబద్ధీకులనుట న్యాయము గాదు. ఇరువదవ శతాబ్దము చివర నచ్చటి యెముకలను బరీక్షించిన శాస్త్రజ్ఞులు వానిపైఁ గత్తిగాట్లను గనిరి.

1857లో జేను మక్లింటాకు నాయకత్వమున ఫాక్సు అను చిన్ననౌకను బంపెను. 1859లో కింగ్ విలియం దీవియందు రాళ్లగుట్టలో నొక కాగితము దొరకెను. 1847 మేలో అందఱము కుశలమని దానిపై వ్రాసియుండెను. దాని యంచులచుట్టును 1848 ఏప్రిలులోఁ జేర్చిన మాటలివి: ఫ్రాంక్లిను 1847 జూన్ 11న మరణించెను, మంచులోఁ జిక్కిన నౌకలను విడిచి మిగిలిన 105 మందిమి దక్షిణముగా నడచుచున్నాము. అనఁగా, ఆమె వెదకింప మొదలిడునాఁటికే ఆయన లేఁడు!

జేను 1875లోఁ గాలధర్మము నొందెను. అనంతరము కొలఁదిదినములకు వెస్ట్‌మినిస్టరు ఆబీలో భర్త స్మారకమును దెఱచిరి. ఎరిబస్ 2014లోను, టెర్రర్ 2016లోను సముద్రగర్భమునఁ గనఁబడినవి. ఎరిబస్ దొరకినచోటు, ఇన్యూట్ పెద్దలు తరతరములుగాఁ జెప్పుచుండిన తావుననే.