చేతికి దారి చూపే చెక్క

రెండు ప్లైవుడ్ ముక్కలు, నాలుగు స్క్రూలు, కాస్త జిగురు. ఈపాటి సరంజామాతో తయారయ్యే చిన్న పరికరం అది. చూస్తే ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. కానీ చేయి తిరిగిన మేస్త్రి కోసే గాడికి తీసిపోని గాడిని కొత్తవాళ్ల చేత కూడా కోయిస్తుంది. దాని పేరే జిగ్!

ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టుపక్కల అద్దె గదులకి కొదవలేదు. తార్నాక, మాణికేశ్వరి నగర్, సీతాఫల్‌మండి... ఎటు వెళ్లినా విద్యార్థులే. ఆ గదుల్లో మంచం ఉన్నా లేకపోయినా పుస్తకాలు మాత్రం ఉంటాయి. గ్రూప్స్‌కి కొన్ని, నెట్‌కి కొన్ని, సివిల్స్‌కి ఇంకొన్ని. కిటికీ గూట్లో, గోడవారన, మంచం కింద... ఎక్కడ చోటుంటే అక్కడ! చివరికి విసుగొచ్చి చౌకలో ఓ అలమర కొంటారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఆ తర్వాత అర మధ్యలో కిందికి వంగుతుంది. చివర్లు వదులై ఊగుతాయి. మన ఇళ్లలో పిల్లల పుస్తకాల రాక్ సంగతీ ఇంతే కదా!

మేకు కాదు... గాడి

నిజానికి ఆ అలమరకి ఉన్నవి రెండు జబ్బులు. మొదటిది వంగడం. దానికి కారణం అర పొడవు. నిండా పుస్తకాలు పేర్చిన అర పొడవుని రెండింతలు చేస్తే వంపు రెండింతలు కాదు, 16 రెట్లు అవుతుంది. మందం రెండింతలు చేస్తే వంపు ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. అందుకే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో అర చేసేటప్పుడు రెండున్నర అడుగులు దాటకుండా చూసుకుంటే మంచిది. అంతకన్నా పొడవు కావాలంటే మధ్యలో ఒక నిలువు పలక పెట్టాల్సిందే.

రెండోది చివర్లు ఊడటం. నిలువు పలక బయటి నుంచి మేకులు కొట్టి అరని బిగిస్తే పుస్తకాల బరువంతా ఆ నాలుగు మేకుల మీదే పడుతుంది. మెల్లగా మేకు చుట్టూ చెక్క నలుగుతుంది, బెజ్జం పెద్దదవుతుంది, అర ఊగుతుంది. దీనికి వడ్రంగుల దగ్గర ఎప్పటి నుంచో ఒక మందుంది. నిలువు పలకలో అడ్డంగా ఒక గాడి తీసి, అర చివరని అందులో కూర్చోబెట్టడం. అప్పుడు బరువు మేకు మీద కాదు, చెక్క మీదే ఆనుతుంది. జిగురు అంటుకోవడానికి కూడా ఎక్కువ చోటు దొరుకుతుంది.

అయితే ఆ గాడి తిన్నగా ఉండాలి. ఎదుటి పలకలోని గాడితో సరిగ్గా సమానమైన ఎత్తులో ఉండాలి. వెడల్పు అర మందానికి అతికినట్టు సరిపోవాలి. ఎక్కువైతే వదులు, తక్కువైతే అర దూరదు. ఉలితో, రంపంతో ఇంత కచ్చితంగా చేయడానికి ఏళ్ల సాధన కావాలి. రౌటర్ మిషన్‌తో క్షణాల్లో అయిపోతుంది కానీ దాన్ని ఉత్త చేత్తో పట్టుకుని తోస్తే గీత మీద నిలవదు. నిమిషానికి 20 వేల సార్లకి పైగా తిరిగే బిట్ అది. కాస్త పట్టు తప్పినా పలక పాడవుతుంది, వేళ్లకీ ముప్పే. సరిగ్గా ఇక్కడే జిగ్ అక్కరకొస్తుంది.

మాడ్‌స్లే నుంచి మల్లేశం దాకా

జిగ్ అంటే పనిముట్టుకి దారి చూపించేది. పని జరుగుతున్న వస్తువుని కదలకుండా పట్టుకునేది ఫిక్స్‌చర్. ఈ తేడా ఏమిటని 1929లో మొదలైన ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాల పిల్లల్ని అడిగితే ఠక్కున చెప్పేస్తారు. ఇంజినీరింగ్ వర్క్‌షాప్‌లో రంపం, ఉలి పట్టి చెక్క అతుకులు చేసినవాళ్లకి తిన్నటి కోత ఎంత కష్టమో కూడా తెలుసు.

పనిముట్టుని పట్టాలెక్కించడం చిన్న విషయమేమీ కాదు. ఒకప్పుడు లోహాన్ని తరిణ పట్టేవాళ్లు ఉలిని చేత్తోనే పట్టుకునేవాళ్లు. ఏ రెండు మరలూ ఒకేలా వచ్చేవి కావు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే ఉలిని చేతిలోంచి తీసి, పట్టాల మీద జరిగే పీటకి బిగించిన లేత్‌తో కచ్చితమైన మరలు కోశాడు. ఒకేలాంటి మరలు వరసగా తయారయ్యే దారి పడింది. యంత్రాలు తయారు చేసే యంత్రాలకి అదో పెద్ద మలుపు.

అంత దూరం ఎందుకు, మన చింతకింది మల్లేశం సంగతే చూడండి. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే దారాన్ని కొయ్యల చుట్టూ వేల సార్లు తిప్పాలి. ఒక్క చీరకే సుమారు 9 వేల సార్లు చేయి అటూ ఇటూ కదలాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పిని చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన ఆయన 1992లో మొదలుపెట్టి, 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. తల్లి పేరే దానికి పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకి తగ్గింది. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. చేయి నడిచే దారిని పరికరానికి నేర్పడమే అక్కడా జరిగింది. మన ప్లైవుడ్ జిగ్ ఆ కుటుంబంలో చిన్నపిల్ల అన్నమాట!

ఇలా చేద్దాం

కావాల్సింది రెండు పట్టీలు. మొదటిది దారి పట్టీ. నాలుగు అంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవు. రౌటర్ దీని అంచుని ఆనుకుని నడుస్తుంది కాబట్టి ఆ అంచు తిన్నగా ఉండాలి. రెండోది అడ్డ పట్టీ. అడుగుకి కాస్త ఎక్కువ పొడవు చాలు. దీని మందం మనం గాడి తీసే పలక మందాన్ని మించకూడదు. దారి పట్టీ ఒక చివర కింద అడ్డ పట్టీని ‘టీ’ అక్షరంలా పెట్టి, గునియాతో కొలిచి, జిగురు రాసి, స్క్రూలు బిగించాలి. స్క్రూలు బిట్ వెళ్లే దారిలో మాత్రం పడకూడదు. అంతే, జిగ్ సిద్ధం.

ఇప్పుడు అడ్డ పట్టీని ఒక పనికిరాని పలక అంచుకి ఆనించి, రెండు క్లాంపులతో బిగించండి. రౌటర్‌ని దారి పట్టీకి ఆనించి ఒకసారి నడపండి. బిట్ అడ్డ పట్టీని కూడా కోసుకుంటూ వెళ్తుంది. కంగారుపడకండి, అసలు కిటుకు అదే! ఆ కోత ఇక మీకు శాశ్వతమైన గుర్తు. అసలు పలక మీద గాడి ఎక్కడ రావాలో పెన్సిల్‌తో గీసుకుని, జిగ్ మీది కోతని ఆ గీతలకి కలిపితే చాలు. బిట్ ఎక్కడ పడుతుందోనని ప్రతిసారీ కొలిచే బాధ ఉండదు.

బిట్ 12 మిల్లీమీటర్లది, అర 18 మిల్లీమీటర్లది అయితే? తేడా 6 మిల్లీమీటర్లు. అంత మందం ఉన్న చెక్క బద్దని దారి పట్టీకీ రౌటర్‌కీ మధ్య పెట్టి మొదటి కోత కోయాలి. తర్వాత బద్ద తీసేసి రెండోసారి నడపాలి. గాడి సరిగ్గా 18 అవుతుంది. బజార్లో 18 అని అమ్మే ప్లైవుడ్ ఒక్కోసారి అంతకి కాస్త తక్కువే ఉంటుంది. కాబట్టి ముందు అరని కొలిచి, ఆ లెక్కన బద్దని ఎంచుకోండి. వాడి పారేసిన మైకా ముక్కలు పేర్చినా సరిపోతుంది.

తిప్పి చూస్తే తెలిసిపోతుంది

ఒక్క చిక్కుంది. పట్టీ వంకర అయితే? జిగ్ ఆ వంకరని కూడా అంతే నమ్మకంగా ప్రతి పలకకీ అంటిస్తుంది! అందుకే బిగించడానికి ముందే పరీక్ష పెట్టాలి. ఖరీదైన కొలత పరికరాలేవీ అక్కర్లేదు. రెండు చుక్కలు పెట్టి, పట్టీ అంచుని వాటికి ఆనించి సన్నటి గీత గీయండి. పట్టీని తిరగేసి, అదే అంచుని గీతకి రెండో వైపు నుంచి అవే చుక్కలకి ఆనించి మళ్లీ గీయండి. రెండు గీతలూ ఒకటైపోతే పట్టీ తిన్ననిది. మధ్యలో సందు కనిపిస్తే అసలు వంకర అందులో సగం.

గునియాకీ ఇదే పరీక్ష. తిన్నటి అంచున్న పలకకి ఆనించి ఒక గీత, తిరగేసి అక్కడి నుంచే ఇంకో గీత. రెండూ కలిస్తే దాన్ని నమ్మొచ్చు. విడిపోతే ఆ గునియాతో ఏది కొలిచినా తప్పే. తప్పుని రెండింతలు చేసి కంటికి చూపించే ఈ ఉపాయం ఇంట్లో పిల్లలకి నేర్పించి చూడండి. జ్యామితి పాఠం ఎంత సరదాగా ఉంటుందో!

పట్టీ ఎడమవైపే ఎందుకు?

పైనుంచి చూస్తే రౌటర్ బిట్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. మనకి ఎదురుగా ముందుకి తోస్తుంటే అది ఎడమవైపు జరగాలని చూస్తుంది. దారి పట్టీ ఎడమవైపు ఉంటే మిషన్ తనంతట తానే పట్టీని అంటిపెట్టుకుంటుంది. కుడివైపు పెట్టామా, పట్టీని వదిలేసి పక్కకి పోతుంది. మిషన్‌తో బలంగా పోరాడటం కన్నా దాని స్వభావం తెలుసుకుని పట్టీ పెట్టడం తెలివైన పని.

రౌటర్ లేదా? బెంగ లేదు. తిన్నటి పట్టీకి చేతి రంపాన్ని ఆనించి, గాడి వెడల్పులో రెండు కోతలు కోసి, మధ్యలోది ఉలితో తీసేయొచ్చు. ఆలస్యమవుతుంది, అంతే.

ఇవి మరవొద్దు

* బిట్ మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ తీసేయాలి.

* గాడి లోతు పలక మందంలో మూడో వంతు చాలు. అదీ ఒకేసారి కాదు, రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున.

* జిగ్‌ని చేత్తో అదిమి పట్టుకోవద్దు. క్లాంపులే వాడాలి. రెండు చేతులూ రౌటర్ మీదే ఉండాలి.

* కళ్లజోడు, మాస్కు తప్పనిసరి. చెక్క పొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది.

* వదులు చేతుల చొక్కాలు, వేలాడే చున్నీలు వద్దు. పిల్లలు చూడొచ్చు, మిషన్ మాత్రం పెద్దల చేతిలోనే.

జిగ్ చేయడానికి ఒక పూట పోతుందనుకోవచ్చు. ఒక్క గాడి కోసమైతే అది దండగే. కానీ ఐదు అరల అలమరకి పది గాళ్లు కావాలి. పదీ ఒకేలా రావాలి. మొదటి గాడికి పెట్టిన శ్రద్ధ మిగతా తొమ్మిదింటికీ దానంతటదే అందుతుంది. పని అయ్యాక దాన్ని పారేయకండి. ఏ బిట్‌కి చేశారో దాని మీదే రాసి, గోడకి మేకు కొట్టి తగిలించండి. పక్కింటివాళ్లు అలమర చేసుకుంటామని వస్తే, మీరు పక్కన లేకపోయినా ఆ చెక్కే వాళ్ల చేతికి దారి చూపిస్తుంది.