మీకు తెలుసా? ఎంఎస్ ముదిరే తీరుకు ముందస్తు సూచనలు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్)లో శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము నరాల పైపొర మైలిన్‌ను దెబ్బతీస్తుంది.

• వైకల్యాన్ని 0 నుంచి 10 దాకా కొలిచే ఈడీఎస్‌ఎస్‌ను అమెరికా న్యూరాలజిస్టు జాన్ కర్ట్‌స్కీ 1983లో ప్రకటించారు. స్కోరు 6 అంటే వంద మీటర్ల నడకకు చేతికర్ర లాంటి ఆసరా కావాలి.

• పెద్ద వయసులో మొదలవడం, తొలి రెండేళ్లలో తరచూ తిరగబెట్టడం, ఎంఆర్ఐలో వెన్నుపాముపై మచ్చలు, పొగతాగడం: ఇవి జబ్బు త్వరగా ముదరవచ్చనే సూచనలు. ఫలానా రోగికి ఇలాగే అవుతుందని తేల్చే పరీక్ష మాత్రం లేదు.

• 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఎంఎస్‌నూ చేర్చింది.