దిగులుకు పుట్టగొడుగుల పొడి పనిచేస్తుందా?

ఆన్‌లైన్‌లో ఇప్పుడు ‘లయన్స్ మేన్’ పేరుతో పొడులు, క్యాప్సూళ్ళు, చివరికి కాఫీ పొట్లాలు కూడా అమ్ముతున్నారు. జ్ఞాపకశక్తి పెరుగుతుందనీ, ఆందోళన తగ్గుతుందనీ, డిప్రెషన్ పోతుందనీ అమ్మేవాళ్ళు చెబుతారు. డాక్టరు రాసిన బిళ్ళలంటే భయపడేవాళ్ళకు ఈ మాట ఇట్టే చెవికెక్కుతుంది. పైగా ‘పుట్టగొడుగే కదా, కూర వండుకునేదే కదా’ అనే ధైర్యం ఒకటి. ఇందులో నిజమెంతో కాస్త నిదానంగా చూద్దాం.

లయన్స్ మేన్ మన పుట్టల మీద మొలిచే రకం కాదు. చలి ప్రాంతాల్లో ఓక్, బీచ్ లాంటి గట్టి చెట్ల మానుల మీద పెరుగుతుంది. గొడుగు ఆకారం ఉండదు. ఒక తెల్లటి ముద్ద, దాని నిండా కిందికి వేలాడే మెత్తటి కేసరాలు. చైనా, జపాన్ వంటల్లో ఇది పాత తిండే. 1991లో జపాన్ శాస్త్రవేత్త హిరోకాజు కవగిషి బృందం ఇందులో ‘హెరిసినోన్లు’ అనే పదార్థాలను కనిపెట్టింది. 1994లో దీని బూజు దారాల్లో ‘ఎరినసిన్లు’ దొరికాయి. ప్రయోగశాలలో పెంచిన కణాల మీద వేసినప్పుడు ఇవి ‘నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్’ తయారీని పెంచాయి. మొక్కకు ఎరువు ఎలాగో కొన్ని నాడీకణాలకు ఈ ప్రొటీన్ అలాగ. ఇలాంటి గ్రోత్ ఫ్యాక్టర్లను కనుగొన్నందుకే రీటా లెవీ మొంటాల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ వచ్చింది.

అమ్మేవాళ్ళ కథ సాధారణంగా ఇక్కడితో అయిపోతుంది. ప్రయోగశాలలో కణాలకు జరిగింది మనిషికీ జరుగుతుందని నమ్మకం లేదు. తిన్నది కడుపులో అరగాలి, రక్తంలో కలవాలి, మెదడు చుట్టూ ఉన్న వడపోతను దాటాలి. అంత దూరం వెళ్ళాక దిగులు తగ్గించేంత పదార్థం మిగులుతుందా అన్నది మనుషుల మీద పరీక్షించి తేల్చుకోవాల్సిన సంగతి.

అలా పరీక్షించిన వాటిలో అందరూ ఉదహరించేది 2010లో జపాన్‌లో వచ్చిన బిస్కెట్ల అధ్యయనం. 30 మంది మహిళలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఒక్కొక్క దానిలో అర గ్రాము లయన్స్ మేన్ పొడి కలిపిన బిస్కెట్లు రోజుకు నాలుగు, రెండో జట్టుకు పొడి లేని మామూలు బిస్కెట్లు. అలా 4 వారాలు. పొడి తిన్నవాళ్ళ దిగులు మార్కులు మొదటికంటే తగ్గాయి. ప్రకటనల్లో కనిపించేది ఈ వాక్యమే. మామూలు బిస్కెట్లు తిన్న జట్టుతో పోల్చి చూస్తే మాత్రం స్పష్టమైన తేడా వచ్చింది గుండెదడ లాంటి ఒకటి రెండు ఇబ్బందుల్లోనే. మొత్తం దిగులులో రెండు జట్ల మధ్య అంత తేడా తేలలేదు. పైగా ఆ మహిళలు డిప్రెషన్ ఉందని డాక్టర్లు తేల్చిన రోగులు కూడా కారు.

మామూలు బిస్కెట్ల జట్టు ఎందుకని అడగవచ్చు. దిగులు ఎప్పుడూ ఒక్క స్థాయిలో ఉండదు. బాగా కుంగిన రోజుల్లోనే మనం మందు కోసమో పొడి కోసమో వెతుకుతాం. అక్కడినుంచి కొంత తేరుకోవడం చాలామందిలో దానంతటదే జరుగుతుంది. ఆ సమయంలో ఏది తింటే ఆ ఘనత దానికే పోతుంది. పోల్చడానికి రెండో జట్టు లేని ఏ అధ్యయనాన్నయినా అనుమానంగా చూడమనేది అందుకే.

ఇటలీలో 2019లో 77 మంది స్థూలకాయుల మీద చేసిన పనిలో 8 వారాలకు నిద్ర, మనసు మెరుగయ్యాయన్నారు. అందులో ఉత్తుత్తి మందు తిన్న జట్టే లేదు. ఇంగ్లండ్‌లో 2023లో 41 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకులకు రోజుకు 1.8 గ్రాములు ఇచ్చి చూస్తే, ఒత్తిడి కొద్దిగా తగ్గుతున్న జాడ కనిపించింది, అంతే. ఆశ పెట్టుకోదగ్గ విషయమే గానీ, మందు అనిపించుకునే స్థాయికి ఇది ఇంకా చాలా దూరంలో ఉంది.

అమెరికాలో 2021లో వచ్చిన పరిశీలన ఇంకో రకం. 2005 నుంచి 2016 వరకు సేకరించిన 24 వేల మందికి పైగా పెద్దల ఆహార వివరాలు తీసి చూస్తే, పుట్టగొడుగులు తినేవాళ్ళలో డిప్రెషన్ తక్కువగా కనిపించింది. అయితే ఎక్కువ తింటే ఎక్కువ మేలు అన్న లెక్క కుదరలేదు. తినేవాళ్ళలో కాలేజీ చదువులు చదివినవాళ్ళు ఎక్కువ. మరి మనసు బాగున్నది పుట్టగొడుగు వల్లా, చదువు తెచ్చిన జీవితం వల్లా? ఈ తరహా పరిశీలన ఆ ముడి విప్పలేదు. పరిశోధకుల ఊహ మాత్రం ‘ఎర్గోథియోనిన్’ మీద ఉంది. కణాలను దెబ్బతినకుండా కాపాడే ఈ పదార్థాన్ని మన శరీరం తయారు చేసుకోలేదు, తిండి ద్వారానే రావాలి. అది అన్నిటికంటే ఎక్కువగా దొరికేది పుట్టగొడుగుల్లోనే. మన బజారులో ఉన్నవాటిలో బటన్ రకంకంటే ఆయిస్టర్ రకంలో ఎక్కువ.

కాబట్టి నా సలహా డబ్బా కాదు, కూర. వరిగడ్డి మీద పెంచే ఆయిస్టర్, తెల్లటి మిల్కీ రకం మన ఊళ్ళలోనే పండుతున్నాయి. మిరియాలు, ఉల్లిపాయతో వేయించినా, పులుసు పెట్టినా బాగుంటాయి. ముక్కలు కోసి అరగంట మధ్యాహ్నపు ఎండలో పెడితే వాటిలో విటమిన్ డి పెరుగుతుంది. బాగా ఉడికించే తినాలి. తొలకరికి మొలిచినవాటిని గుర్తుపట్టగల పెద్దలు ఇంట్లో లేకపోతే వాటి జోలికి పోవద్దు.

రీషి, చాగా అనే పేర్లతో వచ్చేవి వేరు. అవి చెక్కలా గట్టివి, కూరకు పనికిరావు, సారం తీసి అమ్ముతారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు రీషి తీసుకుంటే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. చాగా పొడి నెలల తరబడి తిని మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇక విదేశాల్లో డిప్రెషన్ మీద పరీక్షిస్తున్న సైలోసైబిన్ మత్తు కలిగించే మరో రకం పుట్టగొడుగుల్లోది. అది ఆసుపత్రిలో నిపుణుల సమక్షంలో ఇచ్చే పదార్థం, మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది.

తిండికి మనసు మీద ప్రభావం లేదని కాదు. ఆస్ట్రేలియాలో 2017లో ప్రచురించిన ‘స్మైల్స్’ పరీక్షలో డిప్రెషన్ ఉన్న 67 మందిలో కొందరికి 12 వారాలు కూరలు, పప్పులు, పండ్లు, చేపలు, ముడిధాన్యాలతో తిండి మార్చుకోవడం నేర్పారు. మిగతావాళ్ళకు కబుర్లతో తోడుగా మాత్రమే ఉన్నారు. తిండి మార్చినవాళ్ళలో 32 శాతం, రెండో జట్టులో 8 శాతం దాదాపు పూర్తిగా తేరుకున్నారు. ఇది చిన్న పరీక్షే. ఎక్కువమంది అప్పటికే చికిత్సలో ఉన్నవాళ్ళు, దాన్ని మానకుండానే తిండి మార్చారు. మారింది ఒక్క పదార్థం కాదు, మొత్తం కంచం.

బిళ్ళలు వాడుతున్నవాళ్ళు పొడి మొదలుపెట్టి బిళ్ళలు ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, వికారం, నిద్రలేమి రావచ్చు, జబ్బు తిరగబెట్టే ముప్పూ ఉంది. పొడి వాడుతున్నట్టయితే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోతే 14416కు ఫోన్ చేయండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు కూడా ఆగకుండా వెంటనే ఈ నంబరుకు చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.