మీకు తెలుసా? గర్భం నిలిచే రోజులు ఆరే

నెలసరి చక్రంలో గర్భం నిలిచే అవకాశమున్నవి దాదాపు ఆరు రోజులే: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు అయిదు రోజులు. విడుదలైన అండం 12 నుంచి 24 గంటలే బతుకుతుంది. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా ఉండగలవు. అందరికీ 14వ రోజే అండం విడుదలవుతుందనుకోవడం పొరపాటు. రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు అది జరుగుతుంది. అంటే 28 రోజుల చక్రంలో 14వ రోజు ప్రాంతంలో, 35 రోజుల చక్రంలో 21వ రోజు ప్రాంతంలో. అప్పుడు యోని స్రావం గుడ్డు తెల్లసొనలా పల్చగా సాగుతుంది. నెలసరి క్రమం తప్పేవారికి ఈ లెక్క కుదరదు. గర్భం వద్దనుకునేవారు దీన్నే నమ్ముకోవడం క్షేమం కాదు.

బిడ్డ కావాలనుకునేవారికి గోదావరి సీమ శాస్త్రవేత్త పరిశోధన అండగా ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, కొంతకాలం రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. పిండంలో మెదడు, వెన్నుపాముగా మారే నాళం సరిగా మూసుకోవడానికి ఈ ఆమ్లం తోడ్పడుతుంది. ఆ నాళం ఫలదీకరణ తర్వాత 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. అందుకే ప్రయత్నం మొదలైనప్పటి నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.