ఉమ్మడి అంటే దిక్కులేనిది కాదు
నల్లమల చెంచుల అడవి హక్కు: అపోహలు – వాస్తవాలు

యాగంటి కోనేట్లో దిగిన యాత్రికుడు ఆ నీళ్లు ఎవరివని అడగడు. ఎర్రమల కొండలోంచి ఊరి, నంది నోటి గుండా జారే ఆ నీళ్లు అందరివీ. అయినా కట్టుబాటు లేనివి కావు. ఎవరైనా కోనేటిని మురికి చేస్తే ముక్కూమొహం తెలియని మనిషి కూడా కేకలేస్తాడు. అదే యాత్రికుడు ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం చేరి, చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహస్వామి కథ వింటాడు. కనుమనాడు పారువేట ఉత్సవానికి బయల్దేరే స్వామి పల్లకికి చెంచులు విల్లంబులు ఎక్కుపెడితే మురిసిపోతాడు. ఆ గుడి చుట్టూ ఉన్న నల్లమల అడవి మీద స్వామి అత్తింటివాళ్లైన చెంచుల హక్కు మాటెత్తితే మాత్రం అపోహలు ముందుకొస్తాయి. వాటిలో ఐదింటిని విప్పి చూద్దాం.

అపోహ 1: చెంచులకు అడవిలో హద్దులు లేవు, ఎక్కడ ఏది దొరికితే అది తెచ్చుకుంటారు.

వాస్తవం: 1940 ప్రాంతంలో కృష్ణకు ఉత్తరాన అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ చూసింది వేరు. 1943లో అచ్చయిన ఆయన పుస్తకం ప్రకారం, ఒక్కో పెంటకు, అంటే చెంచు గూడేనికి, తరతరాలుగా తన అడవి ఉండేది. వేటైనా, గడ్డలు తవ్వుకోవడమైనా ఆ హద్దుల్లోనే. అత్తింటి పెంటకు చేరినవాడికి అక్కడి అడవిలోనూ పాలు దక్కేది. చుట్టరికమే వాళ్ల పట్టా పుస్తకం. నిట్టనిలువు బండ మీది తేనెకు దిగేవాడి తాడు బామ్మర్ది పట్టాలన్న ఆనవాయితీలోనూ ఈ లెక్కే ఉంది. తాడు జారితే పోయేది తన తోబుట్టువు పసుపుకుంకుమలు.

అపోహ 2: ఉమ్మడి గొడ్డు పుచ్చి చస్తుంది. అందరిదీ అయితే ఎవరూ కాపాడరు.

వాస్తవం: మన సామెత చెప్పిన మాటనే 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రవేత్త సిద్ధాంతం చేశాడు. ఉమ్మడి బీడులో ఎవరికి వాళ్లు పశువుల్ని పెంచుకుంటూ పోతే చివరికి గడ్డిపరక మిగలదన్నాడు. అజమాయిషీ లేని ఉమ్మడికే ఇది వర్తిస్తుందని తర్వాత ఆయనే సవరించుకున్నాడు. స్విట్జర్లాండ్ కొండబీళ్లు, జపాన్ ఊరి అడవులు, స్పెయిన్ సాగు కాలువలు వందల ఏళ్లుగా ఎలా నిలిచాయో ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా పరిశోధకురాలు పరిశీలించి చెప్పింది. వాడుకునేవాళ్లే హద్దు గీసి, నియమం పెట్టి, కాపలా కాసి, తప్పు చేసినవాడికి జరిమానా వేసే చోట ఉమ్మడి ఆస్తి నిలుస్తుంది. 2009లో ఆమెకు అర్థశాస్త్ర నోబెల్ దక్కింది.

అపోహ 3: అటవీ హక్కుల చట్టమంటే సర్కారు దయతలచి అడవిని ముక్కలుగా పంచడం. రేపు వాటిని అమ్ముకుంటారు.

వాస్తవం: 2006 నాటి ఈ చట్టం పేరులోనే ‘గుర్తింపు’ అని ఉంది. ఉన్న హక్కును కాగితం మీదికి ఎక్కిస్తుంది, అంతే. అడవిబిడ్డలకు చరిత్రలో అన్యాయం జరిగిందని చట్టం తన పీఠికలోనే ఒప్పుకుంది. వ్యక్తిగత పట్టా 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే, అదీ 4 హెక్టార్లకు మించకుండా. భార్యాభర్తలిద్దరి పేరునా ఇస్తారు. వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. ఈ చట్టంలో మనం తరచూ మరచిపోయే మరో సగం ఉంది. ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని ఉమ్మడిగా సంరక్షించుకునే, పెంచుకునే హక్కు అది. చెంచుల వంటి ఆదిమ తెగలకు తమ ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కు కోరే వీలూ ఇందులో ఉంది.

అపోహ 4: నంద్యాల వైపు నల్లమల షెడ్యూలు ప్రాంతం కాదు కాబట్టి ఇక్కడ హక్కుల్లేవు.

వాస్తవం: షెడ్యూలు ప్రాంతం కాదన్నది నిజమే. అందుకే గిరిజన భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం, గిరిజన గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం ఇక్కడికి రావు. అటవీ హక్కుల చట్టానికి ఆ షరతు లేదు. అడవి ఉన్న ప్రతిచోటా అది వర్తిస్తుంది. ఉమ్మడి అడవి హక్కు కోరే దరఖాస్తు సి-ఫారం, దాన్ని నింపాల్సింది గ్రామసభే.

అపోహ 5: మనిషి ఉంటే పులి ఉండదు.

వాస్తవం: నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో పులుల అభయారణ్యమైంది. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ చెంచులూ పులీ అక్కడ కలిసే బతికారు. ఈనాడు పులి అడుగుజాడ వెతికే అటవీ కాపలాదారుల్లో చెంచు యువకులున్నారు. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల పులుల అభయారణ్యంలో సోలిగలకు 2011లోనే ఉమ్మడి అటవీ హక్కు దక్కింది. వన్యప్రాణుల కోసం ఊరిని కదిలించాలన్నా, చట్టం ప్రకారం ఆ గ్రామసభ మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి.

పారువేటలో స్వామి చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. పల్లకి ఎవరు మోయాలో, స్వామి ఎక్కడ దిగాలో ప్రతి ఊరికీ తెలుసు. ఉత్సవం అందరిదీ, పని మాత్రం ఎవరిది వాళ్లది. అందుకే అది నిలిచింది. మనం కోనేటి దగ్గర, పల్లకి దగ్గర తలవంచి ఒప్పుకున్న ఈ న్యాయాన్నే చెంచుగూడెం సి-ఫారం పట్టుకొచ్చిన రోజూ ఒప్పుకోవాలి.